బెర్లిన్ దిగ్బంధంలో రోడ్లన్నీ మూసేసిన సోవియట్ యూనియన్ విమానాలను ఎందుకు ఆపలేదు?

ఆపే బలం లేక కాదు. ఆకాశమార్గాల మీద వాళ్లే సంతకం పెట్టి ఉన్నారు, పైగా విమానాన్ని ఆపడమంటే కూల్చడమే.

1945లో జర్మనీ ఓడాక బెర్లిన్‌ను నాలుగు దేశాలు పంచుకున్నాయి: తూర్పు భాగం సోవియట్‌ది, పశ్చిమ భాగం అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లది. నగరమేమో సోవియట్ ప్రాంతం నట్టనడుమ ఉంది. అక్కడికి వెళ్లే రోడ్డు, రైలు దారుల విషయంలో పశ్చిమ దేశాలు నోటిమాటతో సరిపెట్టుకున్నాయి. విమానాలు ఒకదానికొకటి గుద్దుకోకుండా ఉండాలని మూడు ఆకాశమార్గాలకు మాత్రం ఆ నవంబరులో రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఒక్కోటి 32 కిలోమీటర్ల వెడల్పు.

1948 జూన్‌లో పశ్చిమ దేశాలు కొత్త మార్క్ కరెన్సీ తెచ్చి, దాన్ని పశ్చిమ బెర్లిన్‌లోనూ చెలామణీలో పెట్టాయి. జూన్ 24న స్టాలిన్ పశ్చిమ బెర్లిన్‌కి వెళ్లే నేల మీది దారులన్నీ బంద్ చేయించాడు. దాంతో పశ్చిమ దేశాలు విమానాల్లో సరుకులు చేరవేయడం మొదలుపెట్టాయి. సాంకేతిక సమస్యలని సాకు చెప్పారు. రోడ్డుకి ఆ సాకు నడుస్తుంది, ఎగిరే విమానానికి నడవదు. కూలిస్తే యుద్ధమే, అప్పటికి అణుబాంబు ఉన్నది అమెరికా దగ్గరే. ఎలాగూ 20 లక్షల పైచిలుకు జనాన్ని విమానాలతో పోషించలేరు, చలికాలానికి లొంగిపోతారన్నది మాస్కో అంచనా. అందుకే సోవియట్ ఫైటర్లు దగ్గరగా వచ్చి బెదిరించేవి తప్ప ఏ విమానాన్నీ కూల్చలేదు. విమానాల రాకపోకలు చూసే నాలుగు దేశాల ఉమ్మడి కేంద్రంలో సోవియట్ అధికారి దిగ్బంధం సాగినన్నాళ్లూ డ్యూటీకి వస్తూనే ఉన్నాడు! ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ కాలపు ప్రచ్ఛన్న యుద్ధం ఎలా నడిచిందో అర్థమవుతుంది.

ఆ విమానాలు దిగిన బెర్లిన్‌లోని టెంపెల్‌హోఫ్ పక్కనే నేను అద్దెకున్నాను. ఆ విమానాశ్రయం ఇప్పుడు పార్కు, పాత రన్‌వే మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. మా ఇంటి ఓనరు పెద్దావిడకి దిగ్బంధం నాటికి ఆరేళ్లు. కరెంటు రోజుకి కొద్ది గంటలే, అదీ ఒక్కోసారి అర్ధరాత్రి. వచ్చిందంటే వాళ్లమ్మ లేచి వంట, ఇస్త్రీ అన్నీ అప్పుడే కానిచ్చేదట. బంగాళాదుంపలు ఎండబెట్టిన ముక్కలుగా వచ్చేవి. ఎందుకంటే నీటి బరువు మోయడం దండగ. రొట్టె బదులు పిండి తెచ్చిందీ అందుకే. మొత్తం సరుకులో మూడింట రెండొంతులు మాత్రం బొగ్గే. విమానాల మోత ఆగిన రాత్రి భయమేసేదని ఆవిడ చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

1949 ఏప్రిల్ 16న ఒక్కరోజులో దాదాపు 13,000 టన్నులు దింపారు. చలికాలం అప్పటికే దాటిపోయింది, మాస్కో అంచనా తప్పింది. మే 12న దారులు తెరిచారు. అయినా మళ్లీ మూస్తారేమోనని సెప్టెంబరు దాకా విమానాలు సరుకు చేరవేస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత కూడా పశ్చిమ బెర్లిన్ నెలలకు సరిపడా తిండి, బొగ్గు నిల్వ ఉంచుకునేది. 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాక ఆ నిల్వలో చాలా భాగాన్ని సరుకుల కొరతలో ఉన్న సోవియట్ యూనియన్‌కే సాయంగా పంపించారు.