మీ నాన్న నడక గురించి

అమ్మలూ, మొన్న నీ ఫోన్ పెట్టేశాక రాత్రంతా నిద్ర పట్టలేదు, మీ పెద్దనాన్న ఇదే వణుకుడు జబ్బు, పార్కిన్సన్స్‌తో పడ్డ తొమ్మిదేళ్లూ కళ్లముందు తిరిగాయి. గడప దగ్గరకొచ్చేసరికి నాన్న కాళ్లు నేలకి అతుక్కుపోతున్నాయన్నావే, అది మొండితనం కాదే తల్లీ, మొదట్లో నేనూ అలాగే అనుకుని విసుక్కున్నా, చెయ్యి పట్టి లాగా కూడా. లాగితే ఒళ్లు ముందుకొస్తుంది, కాళ్లు రావు, ఒకసారి ఇద్దరం కలిసే పడ్డాం.

మనం నడిచేటప్పుడు మెదడు లోపల ఒక తాళం నడుస్తుంటుందట, ఈ జబ్బులో కదలికలకి కావాల్సిన డోపమిన్ అనే మెదడు రసాయనం తగ్గితే అది తప్పుతుంది, అప్పుడు బయట్నుంచి దరువు వినిపిస్తే చెవి దారిన కాళ్లకి అందుతుంది. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ థాట్ వాళ్లు 1990ల్లోనే దీన్ని పరీక్షించి చూశారు. మా ఫిజియో అమ్మాయి చెప్తే నేను నమ్మలేదు, తను చప్పట్లు కొడుతుంటే ఈయన గడప దాటేశారు!

ముందు నాన్న మామూలుగా నిమిషానికి ఎన్ని అడుగులేస్తున్నారో లెక్కపెట్టు. 80 అయితే ఫోన్లో మెట్రోనోమ్, అదే టిక్ టిక్ మని తాళం కొట్టే యాప్, 80కే పెట్టు, అలవాటయ్యాక 84, ఇంకొన్నాళ్లకి 88, అంతకుమించి తొందరపెట్టకు. ఘంటసాల పద్యాలు ఆయనకి ప్రాణమే గానీ పద్యానికి దరువెక్కడిది, అవి కూర్చుని వినడానికి, నడకకి చిడతలు గట్టిగా వినపడే భజన పాటలు పెట్టు. మీ తమ్ముడి డీజే పాటలొద్దు, వాటికి పరిగెత్తాలి.

మాకు బాగా కలిసొచ్చింది కోలాటం కర్రలు. ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఒకటి కుడికి ఒకటి ఎడమకి, ఆయన మొదట గాల్లోనే కొట్టేవారు, తర్వాత నా వేళ్ల మీద, నెల తిరిగేసరికి టక్ టక్ మని కర్రకి కర్ర తగిలింది, ఆ రోజు ఇద్దరం ఎంత నవ్వామో.

ఇవన్నీ మాత్ర బాగా పనిచేసే టైమ్‌లోనే చేయించు, దరువుందని మందు మానెయ్యకండి. పప్పన్నంతో కలిపి మాత్ర వేస్తే కొందరికి సరిగా పట్టదు, ఏ టైమ్‌కి వెయ్యాలో డాక్టర్ని అడుగు. డోర్‌మ్యాట్లు తీసెయ్, నడిచేటప్పుడు కబుర్లు చెప్పకు.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి, ఫోన్ మాత్రం కాళ్లు కనపడేలా పట్టుకో, ఆయన మొహం నేనెరుగుదును.