కాంటా మీద వదిలేసిన బస్తా

ప్రశ్న: హనుమకొండలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది పరకాల దగ్గర పల్లె, నాన్న పత్తి రైతు. నాకు డేటాబేస్ అంటే ఇష్టం. మొన్న ఇంటర్వ్యూలో ‘సర్వర్ మీద భారం లేదు, అయినా అప్‌డేట్‌లు కదలడం లేదు, ఎక్కడ చూస్తారు?’ అని అడిగారు. రీస్టార్ట్ చేస్తానన్నాను. ఎంపిక కాలేదు. అమీర్‌పేట వెళ్లి కోర్సు చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఆ ప్రశ్నకు జవాబు మీ ల్యాప్‌టాప్‌లోనే దొరుకుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

నాన్నతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే ఉంటారు. బస్తా కాంటా మీద పెట్టి, తక్‌పట్టీ (తూకం చీటీ) రాయకుండానే మనిషి పక్కకు వెళ్లిపోయాడనుకోండి. కాంటా దగ్గర పనేమీ జరగదు, వెనక బండ్లు మాత్రం ఆగిపోతాయి. మిమ్మల్ని అడిగింది సరిగ్గా దీని గురించే. లావాదేవీ (ట్రాన్సాక్షన్) తెరిచి, కమిట్ (ఖాయం చెయ్) గానీ రోల్‌బ్యాక్ (రద్దు చెయ్) గానీ చెప్పకుండా ఊరుకున్న సెషన్, అంటే డేటాబేస్‌తో ఒక కనెక్షన్, తన లాక్‌లను పట్టుకునే ఉంటుంది. అది మార్చిన వరుసలను అప్పటిదాకా ఇంకొకరు మార్చలేరు.

ఈ రాత్రే మూడు కిటికీల్లో పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కు ఆదేశాలు టైప్ చేసే ప్రోగ్రామ్) తెరవండి. మొదటిదానిలో బిగిన్ కొట్టి, ఒక వరుసను అప్‌డేట్ చేసి వదిలేయండి. రెండోదానిలో అదే వరుసను అప్‌డేట్ చేయబోతే అది ఆగిపోతుంది. మూడోదానిలో, ఏ సెషన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ పట్టిక చూడండి. కొత్తవాళ్లంతా పొరబడేది ఇక్కడే: ‘యాక్టివ్’ అని కనిపించే రెండో సెషన్‌ను అనుమానిస్తారు. అది పాపం లాక్ కోసం ఎదురుచూస్తోంది. అసలు కారణం ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని రాసి ఉన్న మొదటిది. అదే పట్టికలో ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ గడి చూస్తే ఆ లావాదేవీ ఎప్పటి నుంచి తెరిచి ఉందో తెలుస్తుంది. పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అనే ఫంక్షన్‌కు రెండోదాని ప్రాసెస్ నంబరు (పిడ్) ఇస్తే, దాన్ని అడ్డుకుంటున్న మొదటిదాని నంబరు చెబుతుంది. క్వెరీ గడిలో కనిపించేది ఆ సెషన్ చివరగా నడిపిన ఆదేశం మాత్రమే. లాక్ పట్టింది అంతకు ముందరి ఆదేశమైనా కావచ్చు.

పీజీ_క్యాన్సల్_బ్యాకెండ్ ఇక్కడ పనిచేయదు, ఆపడానికి నడుస్తున్న ఆదేశమే లేదు. పీజీ_టర్మినేట్_బ్యాకెండ్‌తో కనెక్షన్‌నే తెంచాలి. అప్పుడు కమిట్ కాని పని మొత్తం వెనక్కి పోతుంది. అందుకే ముందు ఆ సెషన్ ఏ అప్లికేషన్‌దో, ఎవరిదో కనుక్కుని, వారిని అడిగి తెంచడం మంచి పద్ధతి. రీస్టార్ట్ చేస్తే అందరి కనెక్షన్లూ పోతాయి, కారణం మాత్రం దొరకదు. మీ జవాబు నచ్చకపోవడానికి ఇదే కారణమై ఉంటుందని నా అభిప్రాయం.

2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి ఇలాంటి సెషన్లను గడువు దాటగానే తెంచే అమరిక ఉంది. పేరు ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమ్‌అవుట్. మనం విలువ ఇచ్చేదాకా అది సున్నా, అంటే పనిచేయదు. గడువు పెట్టినా రోగం కోడ్‌లోనే ఉంటుంది. లోపం ఎదురైన దారిలో రోల్‌బ్యాక్ మరచిపోవడం, లావాదేవీ మధ్యలో బయటి సర్వీసు జవాబు కోసం ఆగడం వంటివి వెతకాలి. పైథాన్‌లో సైకోపీజీ (పోస్ట్‌గ్రెస్‌కు కలిపే లైబ్రరీ) వాడితే ఆటోకమిట్ (ప్రతి ఆదేశం దానంతట అదే కమిట్ అయ్యే అమరిక) పెట్టనంతవరకు ఉత్త సెలెక్ట్ కూడా లావాదేవీ తెరుస్తుంది. మీ కాలేజీ ప్రాజెక్టునే ఒకసారి ఇలా పరీక్షించి చూడండి.

నేరుగా డీబీఏ (డేటాబేస్ నిర్వహణ) ఉద్యోగమే కావాలని పట్టుబట్టకండి. అప్లికేషన్ సపోర్ట్‌లోనో బ్యాకెండ్‌లోనో చేరినా ఈ సమస్య మీ బల్ల మీదికే వస్తుంది. ఈసారి ఇంటర్వ్యూలో ఇదే అడిగితే, మొదట ఏ గడి చూస్తారో, ఎవరిని అడుగుతారో, ఆ తర్వాతే ఏది తెంచుతారో అదే వరుసలో చెప్పండి.