ఇంట్లో గుంట, బడిలో ఉమ

బుజ్జమ్మా,

పాపకి రెండక్షరాల పేరు చెప్పమని మెసేజ్ పెట్టావు. చిన్న పేరే ముద్దు, పెట్టుకో. కానీ పర్లాకిమిడిలో పెరిగే పిల్ల కదా, ఆ పేరుని ముందు మన నోట, తర్వాత పక్కింటి ఒడియావాళ్ళ నోట పలికించి చూడు.

వాణి అనుకుంటున్నావట. ఒడియాలో వ కాస్తా బ అయిపోతుంది, బడికెళ్తే బాణీ అంటారు. వీణ బీణా, యమున జమునా. నీకంత ఇష్టమైతే పెట్టు, కానీ ఆధార్‌లో ఒకలా మార్కుల షీటులో ఒకలా పడకుండా స్పెల్లింగ్ ఇప్పుడే ఖాయం చేసుకో.

ఏమీ తోచక పాప అని మాత్రం రాయించకు. మనకి పాపంటే పసిబిడ్డ, కంటిపాప. అదే ఒడియాలో రాస్తే పాపొ అని చదువుతారు, అంటే పాపమే. మా చెల్లెలికి నాన్న తొందరలో బడిలో అదే రాయించేశారు, హాజరు పిలిచినప్పుడల్లా క్లాసంతా తిరిగి దాన్నే చూస్తుంటే అది నోరు విప్పకుండా చెయ్యి మాత్రం ఎత్తేది. పదో క్లాసు ఫారం నింపేటప్పుడు గానీ మార్చలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

నా మాట అడిగితే ఉమ. తపస్సుకి బయల్దేరిన కూతుర్ని "ఉ, మా", అంటే అమ్మా వద్దే అని తల్లి మేన ఆపిందని, అదే పేరైపోయిందని కాళిదాసు కుమారసంభవంలో రాశాడు. తల్లి బెంగంతా ఆ రెండక్షరాల్లో ఉంది! సీత కూడా మంచిదే, నాగలి చాలు అని అర్థం. ఉష అయితే ఉసా అంటారు, వాళ్ళకి శ, ష, స అన్నీ స లాగే పలుకుతాయి.

ముద్దుపేర్ల గురించి టెన్షన్ వద్దు. మీ అత్తగారిది గుంటూరు, మనం "గుంట ఏదే" అంటే గొయ్యి అనుకుంటారేమో, మన వైపు ఆడపిల్లని అలాగే పిలుస్తామని ముందే చెప్పు. పక్కింటావిడ కుని అంటే అననీ, చిన్నది అని. రేపు మగపిల్లాడు పుడితే నాని అనకు, వాళ్ళకి నానీ అంటే అక్క.

పుట్టుక నమోదు మాత్రం 21 రోజుల్లోపు చేయించెయ్యండి. పేరు తేలకపోతే నమోదైన 12 నెలల్లోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు. మన బారసాల, వాళ్ళ ఏకోయిశా రెండూ 21వ రోజే కాబట్టి, ముందు రోజు సాయంత్రం పక్కింటావిడని గుమ్మంలో నిలబెట్టి నువ్వనుకున్న పేర్లన్నిటితో పిల్లని పిలవమను. నేనూ ఆ పూటకి వచ్చేస్తాను, వినాలని ఉంది.

మీ మామ్మ