ఎవరి వంతు ఎంత?

సందేహం: మేం న్యూయార్క్ క్వీన్స్‌లో ఉంటాం. మా షాపుల వీధిని బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ చేస్తామంటున్నారు. అంటే వీధి బాగు కోసం అక్కడి ఆస్తుల ఓనర్ల దగ్గర అదనంగా డబ్బు వసూలు చేసే ఏర్పాటు. చుట్టుపక్కల తెలుగువాళ్లకు పంపడానికి ఇలా రాశాను: "ఈ పన్నును వ్యాపారస్తులు, గృహస్థుల మధ్య సమానంగా పంచాలి." ఇది చదివి మా ఇంటి పెద్దాయన "అదేమిటి, మనమూ వాళ్లంత కట్టాలా?" అన్నారు. ఎక్కడ తప్పింది? (ఒక పాఠకురాలు)

సమాధానం: పెద్దాయన సరిగ్గానే చదివారమ్మా. చిక్కంతా 'సమానంగా'లో ఉంది. మీ మనసులో ఉన్నది న్యాయంగా అని. మీరు రాసినదానికి అర్థం తలా ఒకే మొత్తం అని. న్యూయార్క్‌లో చాలా చోట్ల వసూలు పద్ధతి దీనికి పూర్తిగా వేరు. షాపులు, ఆఫీసులున్న భవనాలకు వీధివైపు కొలతనో, విస్తీర్ణాన్నో, ఆస్తి విలువనో బట్టి లెక్క కడతారు. కేవలం నివాసమున్న ఇంటికి ఏడాదికి 1 డాలరే వేయడం మామూలు. కాలిఫోర్నియాలో 1994 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన ఇలాంటి డిస్ట్రిక్టుల్లో, నివాసానికే కేటాయించిన ఆస్తుల మీద అసలు వేయరు. కాబట్టి 'ఎవరికి కలిగే మేలును బట్టి వారికి' అని విప్పి రాయండి. 'దామాషా ప్రకారం' అన్నా సరే.

'పన్ను' కూడా ఇక్కడ అంతగా అతకదు. పన్ను సర్కారు ఖజానాకు పోతుంది, దేనికైనా ఖర్చవుతుంది. ఇది నగరం వసూలు చేసినా, తిరిగి ఆ వీధి సంఘానికే వస్తుంది. అదనంగా ఊడ్చడానికి, దీపాలకు, కాపలాకు వాడతారు. పోనీ చందా అందామా అంటే, ఇష్టం లేనివాళ్లూ కట్టాల్సిందే. మన మునిసిపాలిటీల్లో అభివృద్ధి రుసుము అనే మాట అలవాటైందే కనుక 'మెరుగుదల రుసుము' అనండి. డిస్ట్రిక్టు ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి 'బిడ్' అని పొట్టిగా రాస్తే వేలం పాట అనుకుంటారు.

వ్యాపారస్తులు అంటే షాపు నడిపేవాళ్లు. వాళ్లలో చాలామంది అద్దెకుంటారు. బిల్లు వచ్చేది భవనం ఓనరుకు. అద్దె ఒప్పందాన్ని బట్టి అది తర్వాత షాపువాళ్ల మీద పడొచ్చు, అది వేరే విషయం. అలాగే అద్దెకున్న సంసారీ గృహస్థే. మీరు చెప్పదలచింది 'సొంతింటివారు'. ఎంత చక్కటి మాట!

'వాటా' వాడాలా అని కూడా మీకు అనుమానం రావచ్చు. ఆస్తిలో, లాభంలో మనకు వచ్చేది వాటా. ఖర్చులో మనం వేసుకునేది వంతు. "నా వంతు నేనిస్తా" అంటామే, అదీ. పైగా 'రెండు వాటాల ఇల్లు' అనే వాడుక ఉంది కాబట్టి ఇళ్ల గురించి రాసేటప్పుడు వాటా తికమక పెడుతుంది.

నేనైతే ఇలా రాస్తాను: "మన వీధి మెరుగుదల రుసుములో షాపుల భవనాల ఓనర్ల వంతు ఎంత, సొంతింటివారి వంతు ఎంత అనేది ఎవరికి ఎంత మేలు కలుగుతుందో చూసి తేల్చాలి." కింద షాపు, పైన ఇల్లు ఉన్న భవనాల సంగతి విడిగా ఒక వాక్యంలో అడగండి. వాటి లెక్క ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.