చీరల పోస్టులకు ఐడియాలు కావాలంటే ముందు బజారులో నిలబడండి

ఇంటి నుంచి చీరలు అమ్ముతున్నాను, వాట్సాప్‌లో రోజూ ఏం పెట్టాలో తోచడం లేదు, మార్కెటింగ్ ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు. నాకైతే మా తణుకు బజారులో దొరికాయి. నేను హైదరాబాద్‌లో ఉంటూ నాలుగేళ్లుగా పొడులు అమ్ముతున్నాను. కంది పొడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి, ఇలా 14 రకాలు. మొదట్లో రంగురంగుల పోస్టర్లు చేయించి పెట్టేదాన్ని. చాలామంది చూసేవారు, కొనేది మాత్రం ఎక్కువగా మా చుట్టాలే.

రెండేళ్ల కిందట మే నెలలో అమ్మతో ఆవకాయ కాయల కోసం వెళ్లాను. మేం ఎప్పుడూ వెళ్లే కిరాణా కొట్టు ముందు వేసవిలో కాయలు కూడా పోస్తారు. పక్కనే ముక్కలు కొట్టే ఆయన కత్తి పెట్టుకుని కూర్చుంటాడు. 25 కాయలు కొట్టాలంటే ఎంత లేదన్నా పావుగంట. అంతసేపూ అక్కడ నిలబడాల్సిందే. సరిగ్గా మనం నిలబడే చోట, చేతికి అందేలా ఒక బల్ల వేశారు. దాని మీద వరసగా ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, ఆ చివర నువ్వుల నూనె డబ్బాలు. బల్ల కింద జాడీలు. ఆఖరికి జీడి తీశాక ముక్కలు తుడుచుకోవడానికి తెల్ల గుడ్డ కూడా ఉంది. మిగతా రోజుల్లో ఇవన్నీ కొట్టు లోపల తలో మూలా ఉంటాయి.

"బాబాయ్ గారూ, అన్నీ బయటికి తెచ్చేశారేంటి?" అని అడిగాను.

"మీ అమ్మ కారం కొనడానికి రాలేదమ్మా, ఆవకాయ పెట్టడానికి వచ్చింది. ఒక్కటి మర్చిపోయినా ఇంటికెళ్లాక మళ్లీ ఎవర్నో పంపాలి కదా" అన్నారు.

అమ్మ ఆ బల్ల చూశాకే మెంతులు గుర్తొచ్చి తీసుకుంది.

ఆ రాత్రి నా లిస్టు తీసి చూసుకున్నాను. అన్నీ పొడుల పేర్లే. ఏ ఇంట్లో ఎవరికి ఏ పూట పనికొస్తాయో ఎక్కడా లేదు. దాన్ని తీసేసి "హాస్టల్‌కి వెళ్లే పిల్లలకి", "టిఫిన్లలోకి", "కారం తక్కువ తినే పెద్దవాళ్లకి" అని మూడు సెట్లు కట్టాను. జూన్‌లో హాస్టల్ సెట్ పెట్టిన మొదటి వారంలోనే ముక్కూ మొహం తెలియనివాళ్ల నుంచి 11 ఆర్డర్లు వచ్చాయి. అవే పొడులు, అదే ధర.

అయితే చూసిందల్లా తెచ్చి పెట్టుకుంటే కుదరదు. కొట్ల ముందు తోరణాల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లు చూసి నేనూ 50 గ్రాముల ప్యాకెట్లు చేశాను. సి.కె. రంగనాథన్ 1983లో కడలూరులో 15 వేల రూపాయలతో మొదలుపెట్టిన చిక్ షాంపూ అలాంటి చిన్న ప్యాకెట్లతోనే ఊళ్లూళ్లకీ వెళ్లింది. ఏ కంపెనీవైనా సరే, ఐదు ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒకటి ఉచితంగా ఇచ్చేవారట. కానీ కిరాణా కొట్టు ముందు నుంచి మనిషి రోజూ నడుస్తాడు, ఒకటి తుంచుకుని వెళ్తాడు. నా దగ్గర కొనే మనిషికి ప్రతిసారీ కొరియర్ ఖర్చు ఉంది. పొడి కంటే కొరియర్ ఖరీదైపోయింది. నెలకే ఆపేశాను.

ఆత్రేయపురం వైపు వెళ్లినప్పుడు పూతరేకులు వేయడం నిలబడి చూడండి. కింద మంట, బోర్లించిన కుండ, పల్చటి పిండిలో ముంచిన గుడ్డను దాని మీద ఇలా లాగడం, క్షణంలో రేకు లేచి రావడం. అది చూశాక కొనకుండా కదలడం కష్టం. అప్పటి నుంచి నేను ప్యాకెట్ ఫొటోకి బదులు మూకుట్లో కరివేపాకు వేగుతున్న వీడియో పెడుతున్నాను.

మీవి చీరలు కాబట్టి పెద్ద షోరూముల అద్దాల వెనక బొమ్మల్ని చూడొద్దు, మీ ఊరి మ్యాచింగ్ సెంటర్‌కి సాయంత్రం కాకుండా పగటిపూట వెళ్లండి. చీర తెచ్చినావిడ ముందు కొట్టతను నాలుగైదు జాకెట్టు ముక్కలు పరుస్తాడు. ఆవిడ రెండు తీసుకుని చీరతో సహా గుమ్మం దాకా వచ్చి ఎండలో పెట్టి చూసుకుంటుంది. ట్యూబ్‌లైటు కింద రంగును ఎవరూ నమ్మరు. ఆవిడ పైకే అనే మాటలు వినండి, "ఇది మరీ ముదురుగా ఉందండీ", "అంచుకి కలిసింది కానీ ఒంటికి కలవలేదు" అని. రేపు మీ చీరను మీ గుమ్మంలోనే ఎండలో పెట్టి, పక్కన రెండు జాకెట్టు ముక్కలు వేసి ఫొటో తీయండి. ఏది బాగుందో చెప్పమని అడుగుతూ పెట్టండి.