దేశవాళీ మొక్కలకు వైరస్ రాలేదు, ముందు ఆ మందులు ఆపండి

సందేహం: ఆరు సెంట్లలో ఇల్లు కట్టుకున్నాం. మిగిలిన జాగాలో మన ప్రాంతపు మొక్కలే ఉండాలని పోయిన జులైలో కానుగ, రేల, నేరేడు, మారేడు, కరివేపాకు, తంగేడు, ఒక ఎర్రచందనం ఐదేసి అడుగుల దూరంలో నాటాను. రోజూ డ్రిప్పుతో బోరు నీళ్లు ఇస్తున్నాను. చాలా మొక్కల్లో లేత ఆకులు పసుపు పచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కరివేపాకును, మారేడును పురుగు తినేస్తోంది. ఎర్రచందనం ఆకు రాలుస్తోంది. వైరస్ అని టెన్షన్‌గా ఉంది. షాపులో ఇమిడాక్లోప్రిడ్, మాంకోజెబ్, ఒక టానిక్ ఇస్తే పది రోజులకోసారి కొడుతున్నాను. తగ్గలేదు. కొండ నుంచి పేరిత (సైకస్) తెచ్చి నాటుకోవచ్చా?
- ఒక రైతు, చంద్రగిరి మండలం

సలహా: ఇది వైరస్ కాదు. లేత ఆకు పసుపై ఈనెలు పచ్చగా మిగిలితే అది ఇనుప ధాతు లోపం. కొత్తగా ఇల్లు కట్టిన జాగా కదా, సిమెంటు, సున్నం పెళ్లలు మట్టిలోనే ఉండిపోయి ఉంటాయి. పైగా రోజూ బోరు నీళ్లు. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, తడి ఆరకపోతే అసలే అందదు. గుంతలోని పొడి మట్టి మీద నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే సున్నం ఉన్నట్లే.

లీటరు నీటిలో ముందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 1 గ్రాము, తర్వాత అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు కరిగించి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి. పది రోజుల తేడాతో రెండుసార్లు చాలు. ద్రావణం తుప్పు రంగుకు తిరిగితే పారబోసి మళ్లీ కలుపుకోండి. అన్నభేదిని మట్టిలో వేయకండి, సున్నం దాన్ని కట్టేస్తుంది. పెళ్లలు ఏరేసి, మొక్క చుట్టూ అడుగు దూరంలో 10 కిలోల చివికిన పశువుల ఎరువు కలపండి. డ్రిప్పు రోజూ వద్దు. నాలుగు అంగుళాల లోతున మట్టి పొడిగా తగిలితేనే మొక్కకు 15 నుంచి 20 లీటర్లు పోయండి. తంగేడుకు అంత కూడా అక్కర్లేదు.

ఇక పురుగు సంగతి. కరివేపాకు, మారేడు తినేది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. ఈ మొక్కలు పెంచితే అది వచ్చి గుడ్లు పెడుతుంది. తంగేడు, రేల మీద మరో రకం పసుపు సీతాకోకచిలుకల పిల్లలు పెరుగుతాయి. మన చెట్లు వేసుకునేదే వీటి కోసం, పిట్టల కోసం. వాటి మీద ఇమిడాక్లోప్రిడ్ కొట్టించినవారికి తోట అర్థం కాలేదు, అమ్మకం ఒక్కటే అర్థమైంది. అది మొక్క లోపలికి పోయే మందు, కడిగినా పూర్తిగా పోదు, తేనెటీగలను చంపుతుంది. కూరలో వేసే ఆకు మీద దాన్ని ఎలా ఇచ్చారో! కరివేపాకు కొమ్మలు కత్తిరించి పారేయండి, మందు లేకుండా వచ్చిన కొత్త చిగుళ్లే వాడండి. మొక్క చిన్నది కాబట్టి గొంగళ్లు ఎక్కువైతే చేత్తో ఏరేయండి. మాంకోజెబ్ బూజు తెగుళ్ల మందు, ఇనుము లోపానికి పనికిరాదు. టానిక్ కూడా మానేయండి. షాపుకు వెళ్లే ముందు మట్టి పరీక్ష చేయించండి: జాగాలో నాలుగైదు చోట్ల, ఎరువు కుప్పకు దూరంగా, 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి కలిపి, అందులో అరకిలో ఇవ్వండి. శుభ్రమైన సీసాలో లీటరు బోరు నీళ్లు కూడా. మీ రైతు సేవా కేంద్రంలో అడిగితే ఎక్కడికి పంపాలో చెబుతారు.

ఐదేసి అడుగుల ఎడం చెట్లకు చాలదు. కానుగ, నేరేడు రెండూ ఆరు సెంట్లలో పట్టవు. పడమర వైపు గోడకు 15 అడుగుల దూరం దొరికితే కానుగ ఒకటి ఉంచండి, మధ్యాహ్నం ఎండకు ఇంటికి నీడ. నేరేడును పొలం గట్టుకు మార్చండి. కంచె పొడవునా నాలుగేసి అడుగులకు తంగేడు, వావిలి, అడ్డసరం సరిపోతాయి. కొత్త గుంతలు 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో ఇప్పుడే తీసి ఎండనివ్వండి, తొలకరి తర్వాత నాటండి.

ఎర్రచందనం ఎండలకు ముందు ఆకు రాల్చడం సహజం. రాళ్ల నేలలో పెరిగే చెట్టు, వేరు దగ్గర నీరు నిలిస్తే బతకదు. ఎదిగాక కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలని గుర్తుంచుకోండి. పేరితను కొండ నుంచి తవ్వి తేవద్దు. ప్రపంచంలో మన తిరుమల, కడప కొండల్లో తప్ప సహజంగా పెరగని చెట్టు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎర్రచందనం మొక్కలైనా ఇకపై అటవీ శాఖ నర్సరీలోనే కొని, రసీదు దాచుకోండి.