ఫైబర్‌ని తీగ అనొచ్చా?

సందేహం: మాది చెన్నైలో పెరంబూరు. మొన్న మా వీధిలో వానకాలవ కోసం తవ్వుతూ ఇంటర్నెట్ లైను తెంపేశారు. నేను "ఫైబర్ తీగ తెగిపోయింది" అంటే ఇంటర్ చదివే మా అబ్బాయి "తీగ కాదమ్మా, అది గాజు, దృశ్య తంతువు అనాలి" అని సరిదిద్దుతున్నాడు. ఎవరిది రైటు? – ఒక పాఠకురాలు

సమాధానం: మీదే రైటమ్మా. మీవాడికి సగం మార్కులు.

తీగంటే లోహమే అయ్యుండాలని రూలేం లేదు, ముందు మల్లెతీగ, కాకరతీగ, ఆ తర్వాతే కదా వీణతీగా కరెంటుతీగా వచ్చింది, సన్నగా పొడుగ్గా పాకిపోయే దేన్నైనా మనవాళ్లు తీగే అన్నారు, లోపల రాగి ఉందా గాజు ఉందా అని గీకి చూసి పేరు పెట్టలేదు.

ఇక అబ్బాయి సంగతి. తెలుగు మీడియం ఫిజిక్సులో ఆప్టికల్ ఫైబర్‌కి ఉండే మాట దృశా తంతువు, దృశ్య తంతువు కాదు. ఒక్క అక్షరమే కదా అనుకోకండి. దృశ్యం అంటే కంటికి కనబడేది. మీ ఇంటికొచ్చే లైన్లో పరిగెత్తే కాంతి కంటికి కనబడనే కనబడదు, అది పరారుణం (ఇన్‌ఫ్రారెడ్), దూరపు లైన్లలోనైతే దాని తరంగదైర్ఘ్యం 1550 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దృశా అంటే చూపుకి సంబంధించింది అని సరిపెట్టుకోవచ్చు, ఆప్టిక్స్ అనే మాటకీ గ్రీకులో మూలం చూపే.

కబుర్లు మోసే గాజుకి చూపుతో పనేంటి అంటారా, అసలు కథంతా అక్కడే ఉంది. ఇది పుట్టింది చూడ్డానికే. 1930లో జర్మనీలో హైన్రిక్ లామ్ అనే మెడికల్ స్టూడెంటు గాజుపోగుల కట్టలోంచి బల్బు ఫిలమెంటు బొమ్మని అటు చివరికి పంపాడు, కడుపులోకి తొంగిచూడాలని ఆయన ఆశ. 1954లో లండన్లో హాప్కిన్స్ అనే ఫిజిక్సు శాస్త్రవేత్త, మన పంజాబు మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ కలిసి అదే పని ఇంకా బాగా చేసి చూపించారు. ఫైబర్ ఆప్టిక్స్ అన్న పేరు 1960లో కపానీ రాసిన వ్యాసంతోనే జనంలోకొచ్చింది. అప్పటికే, 1957లో, అమెరికాలో హిర్షోవిట్జ్ అనే డాక్టరు ఇలాంటి గాజుపోగుల గొట్టంతో జీర్ణాశయం చూసేశాడు కూడా. అంటే పేరు పెట్టేనాటికి అది నిజంగానే చూపు పోగు.

మాటలు పంపడానికి మాత్రం అప్పటి గాజు పనికిరాలేదు, 20 మీటర్లు పోయేసరికి నూటికి ఒకవంతు వెలుగే మిగిలేది. 1966లో ఇంగ్లండులో చార్లెస్ కావో, హాక్హమ్ అనే ఇంజినీర్లు అన్నదేంటంటే తప్పు గాజుది కాదు, అందులో కలిసిన ఇనుము లాంటి మలినాలది, వాటిని తీసేస్తే కిలోమీటరు తర్వాత కూడా నూటికి ఒకవంతు మిగులుతుంది, అంతుంటే చాలు టెలిఫోనుకి అని. నాలుగేళ్లకే, 1970లో, అమెరికాలో గాజు చేసే కార్నింగ్ కంపెనీలో ముగ్గురు ఆ గీత దాటేశారు. ఇప్పుడైతే కిలోమీటరుకి నూటికి 95 వంతులు మిగులుతోంది, చెన్నై నుంచి సముద్రం అడుగున అండమాన్ దాకా 2300 కిలోమీటర్ల కేబుల్ వేశారంటే అందుకే, 2020లో అది మొదలైంది. పని మారింది, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది.

మీ పక్కింటి తమిళులు ఒళియిళై అంటారు, ఒళి అంటే వెలుగు, ఇళై అంటే నూలుపోగు. నాకు భలే ఇష్టం ఆ మాట. మగ్గాలున్న జాతి మనది, మనకి పోగు అనే మాట ఉండగా తంతువు దాకా ఎందుకెళ్లామో! ఆ తంతువుకి తోబుట్టువే తంతి, టెలిగ్రాముకి వాడిందే. నన్నడిగితే విడిగా ఒక్కటైతే కాంతిపోగు, అలాంటివి పది చేర్చి తొడుగేస్తే కేబుల్. ఒక్కో పోగు మందం 125 మైక్రాన్లు, ఎనిమిది పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు, దాన్ని తాడు అనలేం కదా. పీచు అని కూడా కొందరు రాస్తున్నారు, అది కొబ్బరికీ చిక్కుడుకాయకీ వదిలేద్దాం.

పరీక్షలో మాత్రం మీవాణ్ణి దృశా తంతువనే రాయమనండి.

మా మైలాపూరు ఇంట్లోనూ పోయిన నెల లైను తెగింది. రిపేరుకొచ్చిన కుర్రాడు రెండు కొసల్నీ చిన్న మిషన్లో పెట్టి కరగబెట్టి కలుపుతూ "స్ప్లైసింగ్ సార్" అన్నాడు. "అతుకు పడిందా?" అన్నా. నెల్లూరు వైపు అబ్బాయట, నవ్వి "పడింది సార్, మా నాయన మగ్గం కాడ ఇదే మాటంటాడు" అన్నాడు.